లాంచీని పడమటికి తిప్పించిన సాయంత్రం

గోదావరి నడిమధ్యలో, నాకు పిల్లనివ్వబోతున్న పెద్దమనిషి చేత ప్యాంటు మోకాళ్ల పైకి మడిపించి లాంచీ నెట్టించిన ఘనుణ్ని నేను. ఇలాంటి ఘనత మన జిల్లాలో ఇంకెవరికైనా ఉంటే చెయ్యెత్తండి, పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగిస్తాను. ఏళ్లు గడిచినా మా ఇంట్లో ఎవరూ దాన్ని మరిచిపోలేదు. "తప్పంతా నీదే" అంటారు. నాదేనా? ఆ కరపత్రం అచ్చేసినవాడిది కాదా? కుర్చీలన్నీ తూర్పుకు తిప్పి కట్టినవాడిది కాదా? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. జరిగింది జరిగినట్టు చెబుతాను, తీర్పు మీరే చెప్పండి. నా వైపే చెప్పాలన్న బలవంతం లేదు గానీ, చెబితే సంతోషిస్తాను.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. ఇల్లందులో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేవాణ్ని. ఇరవై ఆరేళ్ల వయసు, మూడు జతల ఇస్త్రీ బట్టలు, ప్రపంచంలో నాకు తెలియనిది లేదన్న నమ్మకం, ఇవీ నా ఆస్తిపాస్తులు. గోడ మీది పటంలో గోదావరిని రోజూ బెత్తంతో చూపించీ చూపించీ, ఆ నది మా తాతగారిదే అన్నంత చనువు వచ్చేసింది. పడవ మాత్రం ఎక్కిన పాపాన పోలేదు.

అప్పుడే యేసురత్నం గారి రెండో అమ్మాయి సువార్తతో నాకు పెళ్లి మాటలు నడుస్తున్నాయి. ఆయన మా చర్చిలో పెద్ద. బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు చేసి, కూలీల మీద అజమాయిషీ చేసే ఓవర్‌మన్‌గా రిటైరయ్యారు. నవ్వితే బావి పైకప్పు కూలుతుందన్నట్టు ఉండే మనిషి. నాకంటే ముందు వచ్చిన సంబంధాన్ని, పెళ్లికొడుకు ప్రార్థనలో ఒక కన్ను తెరిచి వాచీ చూసుకున్నాడని తిప్పి పంపేశారు. ఆయన రెండు కళ్లూ మూసుకునే ఉంటే అది ఎలా కనబడిందో అడిగే ధైర్యం ఇల్లందులో ఎవరికీ లేదు. నా విషయంలో "చూద్దాం" అన్నారు. ఆయన చూసేలోపు నేనే ఏదైనా చూపించాలని నిర్ణయించుకున్నాను. చూడండి, నాశనానికి దారి ఎంత మంచి ఉద్దేశంతో మొదలవుతుందో!

ఒక ఆదివారం పేపరులోంచి గులాబీ రంగు కరపత్రం జారిపడింది. "భద్రాచలం వద్ద గోదావరిపై సాయంకాలపు పార్టీ విహారం! సంగీతం! విందు! ప్రతి సీటు నుంచీ సూర్యాస్తమయ దర్శనం! కుటుంబ సమేతంగా రండి!" అది పట్టుకుని చర్చి నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లాను.

"పార్టీ అంటే ఏం పార్టీ బాబు? ఎలక్షన్లేమన్న వచ్చినయా?" అన్నారు యేసురత్నం గారు.

"గా పార్టీ కాదంకుల్. విందు, వినోదం."

"మందుంటదా?"

"ఛ ఛ! కుటుంబ సమేతంగా అని రాసిన్రు చూడండ్రి."

అంతటితో ఆగి ఉంటే నా బతుకు బాగుండేది. కానీ ఆయన భార్య కరుణమ్మ గారు అమాయకంగా, "ఆడ ఏమేం ఉంటయి బాబు?" అని అడిగారు. మాస్టారిని ప్రశ్న అడిగితే ఊరుకుంటాడా?

"తెల్లటి లాంచీ ఉంటది ఆంటీ. మెత్తటి సీట్లు. యూనిఫాం ఏసుకున్న కెప్టెన్ వచ్చి అంకుల్‌కు చెయ్యి కలుపుతడు. సన్నగ వయొలిన్ వాయిస్తరు. పొద్దు నీళ్లల్ల దిగుతుంటే మనకు కేకు పెడ్తరు. చల్లగాలి ఉంటది, శాలువా తెచ్చుకోండ్రి."

ఇదంతా ఎక్కడ చూశావని మీరు అడగకండి. మా బడి ఆఫీసు గదిలో ఒక క్యాలెండరు ఉండేది, అందులో జూలై నెల బొమ్మ విదేశాల్లో ఏదో సరస్సు. అంతే నా అనుభవం.

"బూట్లు ఏసుకోవాల్నా?" అన్నారు యేసురత్నం గారు.

"ఏసుకోవాలె అంకుల్. కోటుంటే ఇంకా మంచిగుంటది."

ఫిబ్రవరిలో ఒక రెండో శనివారం బయల్దేరాం. రిటైర్మెంటు సభకు కుట్టించిన నల్ల కోటు వేసుకుని ఆయన ఇల్లందు నుంచి కొత్తగూడెం, కొత్తగూడెం నుంచి భద్రాచలం రెండు బస్సుల్లో గుండీలు విప్పకుండా కూర్చున్నారు. కరుణమ్మ గారు పట్టుచీర మీద శాలువా కప్పుకుని చెమటలు కక్కుతూ, "గాలి యాడ మొదలైతది బాబు?" అని పాల్వంచలో ఒకసారి, సారపాకలో ఒకసారి అడిగారు.

రేవులో లాంచీ కనబడింది. ఒకప్పుడు నీలం రంగు వేసినట్టు ఆనవాళ్లున్నాయి. తాళ్లతో కట్టిన ప్లాస్టిక్ కుర్చీలు. పొద్దున అందులో మిర్చి బస్తాలు తోలారట, ఎక్కిన ప్రతివాడూ తుమ్మడమే. ఆహ్వాన సంగీతం అదేనన్నమాట!

"కెప్టెన్ ఏడి?" అన్నారు యేసురత్నం గారు ముక్కు తుడుచుకుంటూ.

బనియన్, లుంగీతో కూర్చుని బీడీ కాలుస్తున్న ఒక ముసలాయన లేచి, "సరంగునండీ, పోతురాజంటారు. రండి బాబుగారూ, జారుద్ది, మెల్లిగా" అని చెయ్యి అందించాడు. చెయ్యి కలపడం వరకు నా మాట నిజమైనట్టే కదా! కేకు సంగతంటారా, కాగితం పొట్లంలో రెండేసి మిరపకాయ బజ్జీలు. వయొలిన్ బదులు వెనకభాగంలో మనిషెత్తు స్పీకర్ బాక్సులు, వాటి పక్కన అంతకంటే గట్టిగా పాడే జనరేటరు. మైకు పట్టుకున్న మేనేజరు "హలో, హలో" తప్ప అరగంట దాకా వేరే మాట నేర్చుకోలేదు. ఎరువుల దుకాణం వాళ్లట, ఖమ్మం నుంచి వచ్చిన ఒక గుంపు కుర్చీల మధ్య సందులోనే డాన్సు మొదలుపెట్టింది. వాళ్లలో ఒకడు మా చర్చి పెద్ద చెయ్యి పట్టుకుని, "రా తాతా, రెండు స్టెప్పులెయ్యి!" అన్నాడు.

యేసురత్నం గారు నా వైపు చూశారు. బావిలో గ్యాసు లీకైనప్పుడు దీపం వైపు అలా చూస్తారేమో!

ఇదంతా నేను ఓర్చుకున్నాను. నిజంగా ఓర్చుకున్నాను. ఒక్క సూర్యాస్తమయం దక్కితే చాలు, మిగతాదంతా మరిచిపోతారని ఆశ. సమయం దగ్గర పడింది. అప్పుడు గమనించాను, కుర్చీలన్నీ తూర్పుకే తిరిగి ఉన్నాయి! లాంచీ వాలుకు పోతోంది, సూర్యుడు మా వీపుల వెనక దిగుతున్నాడు. వెనక్కి తిరిగితే స్పీకర్ బాక్సులూ జనరేటరూ అడ్డం. నా రక్తం సలసల మరిగింది.

"ఏందన్నా ఇది? ప్రతి సీటు నుంచి సూర్యాస్తమయం అని రాసిన్రు కదా!" అని కరపత్రం మేనేజరు ముక్కు దగ్గర పెట్టాను.

"కనవడ్తది సార్. కొంచెం మెడ వెనక్కి తిప్పండ్రి."

"మెడ తిప్పాల్నా?"

"సీట్ల కూసునే కదా సార్ తిప్పేది!"

ఆ జవాబుకు ఏ కోర్టైనా శిక్ష వేస్తుంది. నేను వాణ్ని వదిలేసి నేరుగా సరంగు దగ్గరికి వెళ్లాను. "తాతా, లాంచీ పడమటికి తిప్పు. పొద్దు గూకేది అటు."

"పొద్దు అటేనండీ, కాదన్ను. నీళ్లు మాత్రం ఇటున్నాయండీ. ఆ పక్కంతా ఇసక మేట."

"మేట యాడుంది? గన్ని నీళ్లు కనవడ్తలేవా?"

"పైకి నీళ్లేనండీ. లోపల మోకాలి లోతు లేదు."

"గోదావరి సంగతి నాకు చెప్తున్నవా? నేను సోషల్ సార్‌ను. త్రయంబకం కాడ పుట్టి..."

"అక్కడ పుట్టే ఉంటదండీ. ఇక్కడ మాత్రం మేటేసిందండీ."

సువార్త వచ్చి నా చొక్కా అంచు లాగింది. "కూసోండ్రి. ఆయన రోజు నడిపే మనిషి, ఆయనకు తెల్వదా? నాయిన చూస్తుండు."

నాయన చూస్తున్నాడనే కదమ్మా నా బాధంతా! ఏరు దాటాక ఓడ మల్లన్నను బోడి మల్లన్న అంటారు లోకులు. నేను ఏరు మధ్యలోనే అనేశాను. కుర్చీ ఎక్కి నిలబడి, పదో తరగతికి చెప్పే వినియోగదారుల హక్కుల పాఠం మొత్తం అందుకున్నాను. తెలుసుకునే హక్కు! ఎంచుకునే హక్కు! పరిహారం పొందే హక్కు! ఎరువుల దుకాణం వాళ్లకు డాన్సు కంటే ఇది నచ్చింది. "తిప్పాలె! తిప్పాలె!" అని లయగా చప్పట్లు కొట్టారు. మేనేజరు బెదిరి, "ఓ పోతురాజన్నా, జర తిప్పరాదే" అన్నాడు మైకులోనే.

పోతురాజు బీడీ నీళ్లలో పడేసి, నన్నొకసారి కిందినుంచి పైదాకా చూసి, చుక్కాని తిప్పాడు.

లాంచీ ముక్కు పడమటికి తిరిగింది. బంగారు పళ్లెంలా సూర్యుడు ఎదురుగా నిలిచాడు. అందరూ "ఆహా!" అన్నారు. నేను యేసురత్నం గారి వైపు తిరిగి, విజయంతో కనుబొమలు ఎగరేశాను. సరిగ్గా అప్పుడే అడుగున చర్రుమని చప్పుడైంది. మేనేజరు మైకుతో సహా బజ్జీల గంపలో కూలబడ్డాడు. లాంచీ ఆగిపోయింది.

"మేటండీ" అన్నాడు పోతురాజు.

ఆ ఒక్క మాట కంటే వంద తిట్లు తిట్టినా నాకు నయం.

"మగాళ్లంతా దిగి ముందు నుంచి వెనక్కి నెట్టాలండీ" అన్నాడు. నేను ముందు దూకాను, తప్పదుగా. నా వెనక కోటు తీసి, బూట్లు విప్పి, ప్యాంటు మడిచి దిగిన మనిషిని చూసి నాకు నీళ్లలోనే మునిగిపోవాలనిపించింది. మునగడానికి మోకాలి లోతు చాలదే!

యేసురత్నం గారు లాంచీ ముక్కుకు భుజం ఆనించారు. "పట్టాలు దిగిన బొగ్గు టబ్బులు ఎన్ని ఎక్కియ్యలే! భుజాలు ఆనించుండ్రి. నేనంటేనే నెట్టుండ్రి" అని పని చేతిలోకి తీసుకున్నారు. "ఐలెస్సా!" అంటే మేము "ఐలెస్సా!"

ఇక్కడ మీరు ఒక్క సంగతి గమనించాలి. నెట్టేవాళ్ల ముఖాలు తూర్పుకు, వీపులు పడమటికి. లాంచీలో కూర్చున్న ఆడవాళ్లకు మాత్రం కరపత్రంలో రాసినట్టే, ప్రతి సీటు నుంచీ దర్శనం!

"అబ్బ, ఎంత మంచిగుందే! సగం మునిగింది!" అంటున్నారు కరుణమ్మ గారు బజ్జీ కొరుకుతూ. "గాలి గూడ మొదలైంది."

నేను తల తిప్పబోయాను. "వెనక్కేం చూస్తున్నవ్? నెట్టు!" అని యేసురత్నం గారు గర్జించారు. ఏ సూర్యుడి కోసం పోరాడానో, ఆ సూర్యుడు నా వీపు వెనకే దిగిపోయాడు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా, మీరే చెప్పండి!

ఆఖరి ఐలెస్సాకు లాంచీ ఒక్కసారిగా జారింది. పక్కల నుంచి నెడుతున్నవాళ్లు గబగబా పట్టుకుని ఎక్కేశారు. నట్టనడుమ ఉన్న ఇద్దరం మాత్రం బోర్లా పడ్డాం. లేచేసరికి లాంచీ లోతు నీళ్లలోకి పోయింది. అక్కడినుంచి పోతురాజు అరిచాడు: "మళ్లీ రాలేనండీ, ఇరుక్కుంటది! నాటు పడవ పంపుతాను. కదలకండీ, పక్కనంతా గుంటలండీ!"

గోదావరి మధ్యలో, మోకాలి లోతు నీళ్లలో నేనూ, నాకు కాబోయే మామగారూ మిగిలాం. కాబోయే అన్న మాట అప్పటికి ఎంతవరకు నిలిచి ఉందో తెలియదు. "గుంటలు" అన్న మాట చెవిన పడగానే నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆయన వద్దనలేదు.

చివరికి, "తప్పైంది అంకుల్" అన్నాను.

ఆయన పడమటికి తిరిగి చూస్తున్నారు. "ముప్పై ఏండ్లు బాయిల పనిచేసిన. పొద్దు మునిగే యాలకు అయితే బాయిల ఉంటి, లేకుంటే నిద్రల ఉంటి. నిమ్మలంగ నిలవడి ఎన్నడు చూడలే."

"ఎట్లుంది అంకుల్?"

"మునిగినంక చూస్తే ఏముంటది? ఎర్రగుంది" అని, మళ్లీ పడమటికి చూసి, "మంచిగనే ఉంది" అన్నారు.

చేపలు పట్టే ఒకాయన నాటు పడవ తెచ్చి మమ్మల్ని గట్టుకు చేర్చాడు. దారి పొడవునా నవ్వుతూనే ఉన్నాడు. రేవులో కరుణమ్మ గారు శాలువా భర్తకు కప్పి నన్ను మింగేసేలా చూశారు. "గీ తిక్కలోనికా మన పిల్లనిచ్చేది?"

యేసురత్నం గారు కోటు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకున్నాకే నోరు విప్పారు. "తిక్కలోడే. ఒగల మాట వినడు. గని పడవ వచ్చేదాంక నా చెయ్యి ఇడిచిపెట్టలే. పెద్దమనిషి ఏడ పడిపోతడో అని పానం లెక్కజెయ్యకుంట పట్టుకున్నడు. సంబంధం ఖాయం!"

నేను తలదించుకున్నాను. వినయం అనుకున్నారు అందరూ. అసలు సంగతి మీతో చెప్పడానికేం, నాకు ఈత రాదు. గుంటలో జారితే ఆయనే లాగుతారని ఆ చెయ్యి పట్టుకున్నాను. అది బయటపడితే పెళ్లి ఆగుతుందని మూడేళ్లు గుటక మింగుతూ గడిపాను. చివరికి ఒక క్రిస్మస్ నాడు, పిల్లాడు పుట్టాక, ధైర్యం చేసి సువార్తకు చెప్పేశాను.

ఆమె పడీ పడీ నవ్వింది. "నాయినక్కూడా ఈత రాదు. 'ఆ పిల్లగానికి ఈతొస్తదనుకొని గట్టిగ పట్టుకున్న, నువ్వు మాత్రం చెప్పకు బిడ్డా' అన్నడు నాతోని."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, కుడి చెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట సూర్యుడు పడమర విసుగొచ్చి మా పెరట్లోనే అస్తమించినా, నేను తలుపు తీసి చూడను. సరంగు నీళ్లు తూర్పున ఉన్నాయంటే తూర్పునే ఉన్నాయి. బస్సు డ్రైవరుకు, ఆటోవాడికి, చివరికి మా పిల్లాడి మూడుచక్రాల సైకిలుకు కూడా దారి చెప్పను. కానీ ఆ కుర్చీలు తూర్పుకు తిప్పి కట్టినవాడు మాత్రం ఎక్కడైనా కనబడితే, నాకు చెప్పండి.