లక్ష్మవ్వ విమానం వంతు

సిరిసిల్ల బట్టల దుకాణంలో చీరకు డబ్బు కట్టబోతుంటే పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు బిడ్డా! ఆ పైసలు నాకియ్యి. నీ చీరకు నా కార్డు గీకుత."

రాజమండ్రి నుంచి వచ్చినదాన్ని. ఇదేం మోసమోనని బ్యాగు గట్టిగా పట్టుకున్నాను. దుకాణదారు నవ్వాడు.

"భయపడకున్రి మేడం. లక్ష్మవ్వ వాడకట్టంత గిట్లనే చేస్తరు. గ్యాసు, నూలు, పెండ్లి బట్టలు, అన్నీ ఒక్క కార్డు మీదనే కొంటరు. కొన్నకొద్దీ విమానం మైళ్ళు జమైతయ్, అవి నిండితే టికెట్ ఫ్రీ. చిట్టీ లెక్క వంతులేసుకున్నరు. మొదటి వంతు ఈమెదే."

"బొంబాయి పక్కన భివండిల మనవరాలి తొట్టెల ఉంది, పసిదాన్ని ఉయ్యాలల ఎయ్యాలె," అంది లక్ష్మవ్వ. "గీ మోకాళ్ళతోని అంతదూరం బస్సుల కూసోలేను బిడ్డా."

డబ్బు ఆమె చేతిలో పెట్టాను. కార్డు గీకారు. ఫోన్‌లో చూసి, టికెట్‌కు మైళ్ళు ఇంకా కాస్త తక్కువే ఉన్నాయన్నాడు దుకాణదారు. లక్ష్మవ్వ మొహం వాడిపోయింది.

అంతలో ఒకాయన చొక్కా గుడ్డ తీసుకుని పర్సు తెరిచాడు. లక్ష్మవ్వ కదిలేలోపే నేను వెళ్ళి ఆయన చెయ్యి పట్టేసుకున్నాను.

"ఆగండి అన్నయ్యా! ఆ డబ్బు ఈవిడకివ్వండి!"

ఆయన నవ్వి డబ్బు ఆమెకిచ్చాడు. ఆ గుడ్డతో మైళ్ళ లెక్క సరిపోయింది. దుకాణమంతా చప్పట్లు. కౌంటర్ దగ్గర నిలబడే లక్ష్మవ్వ రెండు చేతులూ పైకెత్తి అరిచింది:

"ఎక్కిన పో, ఇమానం!"