గోడకు నీళ్లు పట్టినామె

డెబ్బైల్లో నాచారంలో, కార్మికుల సర్కారు క్వార్టర్ల పక్కన కడుతున్న కొత్త ఇల్లు కొన్నాం. సిమెంటు ఎండిపోకుండా గోడలకు నీళ్లు పట్టింది ఆ క్వార్టర్లలో ఉండే ఒకామె. ఎప్పుడొచ్చినా ముందు గోడ మీద అరచెయ్యి ఆనించేది, జ్వరం చూసినట్టు.

గృహప్రవేశం రోజు కూడా అంతే. అప్పుడే నాన్న, క్వార్టర్లు కనబడకుండా ప్రహరీ ఎత్తు పెంచాలని చుట్టాలతో అంటున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె చెయ్యి తియ్యకుండానే, “పెంచుకోండ్రి సారూ. నీళ్లు మాత్రం నేనే పడత. ఇంకెవలన్న పడితె పగుల్తది, నా పేరు ఖరాబైతది” అంది.

పెంచిన ప్రహరీకి వారం రోజులు రెండు పూటలా నీళ్లు పట్టింది. ఆ ప్రహరీ ఇప్పటికీ బీటవారలేదు. ఎవరైనా మెచ్చుకుంటే, కట్టించిన నాన్న పేరు చెప్పను. నీళ్లు పట్టినామె గురించే చెబుతాను.