బిచ్కుంద నుంచి వచ్చిన గడ్డలు

మొన్న బాన్సువాడ అంగట్లో బోడకాకర ధర విని పక్కనున్న ఆవిడ "బంగారమా ఏంది?" అని మూతి తిప్పింది. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే అమ్మ పందిరి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

అమ్మకు బోడకాకర కూరంటే ప్రాణం. బిచ్కుందలో ఉండే చిన్నమ్మ, అంటే అమ్మ సొంత చెల్లెలు, నాటుకోమని తన పెరట్లోంచి బోడకాకర గడ్డలు తవ్వి తెచ్చిచ్చింది. తొలకరికి తీగలు పందిరంతా అల్లుకున్నాయి. ప్రతి పువ్వు కిందా చిటికెనవేలి గోరంత పిందె. కాయగా మారకుండానే పసుపెక్కి రాలిపోయేది. అమ్మ పెంటఎరువు వేసింది, దిష్టికి పాత చెప్పు కట్టింది, ఏ పాపమూ ఎరుగని పక్కింటి మేకను తిట్టింది. బాపు మాత్రం "కూరకు రాకున్నా సూడనీకి మంచిగున్నయి" అనేవాడు. ఏటా ఇదే తంతు. వానాకాలంలో చిన్నమ్మ సంచినిండా కాయలు తెచ్చి, మా పందిరి కింద నిలబడి, వాకిట్లో అందరూ వినేలా అనేది: "నీ చెయ్యి అచ్చిరాదక్కా, ఏం జేస్తం!" ఆ మాట వాడంతా పాకింది. అమ్మ చెయ్యి మంచిదని విత్తనాలప్పుడు తొలి గింజ వేయమని పిలిచేవాళ్లు పిలవడం మానేశారు.

ఒక ఏడు చిన్నమ్మకు జ్వరమని తెలిసి, అమ్మా నేనూ చెప్పాపెట్టకుండా బస్సెక్కాం. వెళ్లేసరికి సాయంత్రం, పూలు విచ్చుకునే వేళ. జ్వరం తగ్గిన చిన్నమ్మ పెరట్లోనే ఉంది. పిందె లేని పువ్వొకటి తెంపి, పిందె ఉన్న పూలకు అద్దుతోంది. బోడకాకరలో ఆడతీగ వేరు, మగతీగ వేరు. మగపువ్వుకు పిందె ఉండదు, దాని పుప్పొడి అందకపోతే ఆడపువ్వు కాయదు. పిందె లేని పువ్వును మా పందిరి మీద అమ్మ ఏనాడూ చూడలేదు. మాకిచ్చినవన్నీ ఆడగడ్డలే.

"ఎరికుండే ఇచ్చినవా?" అంది అమ్మ.

చిన్నమ్మ తలెత్తలేదు. "చిన్నప్పటిసంది అందరు నిన్నే మెచ్చుకునిరి. గీ ఒక్కటన్న నాది ఉండనీ అనుకున్న అక్కా."

అప్పటికప్పుడు మగగడ్డ తవ్వి అమ్మ కొంగులో పెట్టబోయింది. అమ్మ చేయి వెనక్కి తీసుకుంది. "కాయలు ఇయ్యకున్నా ఏమనకపోదును. నా చెయ్యి మంచిది గాదని అందరి ముంగట ఎట్లంటివే?"

తిరుగుబస్సులో అమ్మ కిటికీ వైపు తిరిగి, శబ్దం రాకుండా ఏడ్చింది. వాడలో అందరికీ ఈ సంగతి చెప్తానన్నాను కోపంగా.

"ఎవ్వరికి చెప్పకు. నా చెల్లె ఇజ్జత్ పోతది," అంది.

మర్నాడే తీగలన్నీ పీకేసింది. తర్వాత కూడా ఎవరూ ఆమెను తొలి గింజకు పిలవలేదు, ఆమె ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. ఇప్పుడు అమ్మా లేదు, చిన్నమ్మా లేదు. ఇన్నేళ్లకు నేను నోరు విప్పుదామంటే, అమ్మ చేతిని శంకించిన వాళ్లలో ఒక్కరినీ కాలం మిగల్చలేదు.