కిందికి తిప్పితే పెరిగిన చప్పుడు

మా ఆవిడ లిఫ్టు మెకానిక్. ఆరంతస్తుల గోతిలో, చీకట్లో, లిఫ్టు నెత్తిన నిలబడి "ఆ స్పానర్ ఇటు విసరండి" అని కేకేసే మనిషి. ఆవిడకి భయమంటే తెలియదని వీధి వీధంతా అనుకుంటుంది. ఆ సాయంత్రం మేడమీద ఆవిడ మొహం వాళ్ళెవరూ చూడలేదు మరి.

సెలవొస్తే ఆవిడకి రేడియోలో ఉపగ్రహాల కూతలు వినడమే పని. పాత ఇనప కొలతటేపు ముక్కలు కర్రకి బిగించి యాంటెనా చేసుకుంది. రేడియోలో మాట్లాడ్డానికి లైసెన్సు కూడా ఉంది. ఇంట్లో మాట్లాడ్డానికి నాకే లేదు.

ఆ రోజు వాళ్ళక్క కూతురు కాలేజీలో చేసిన ఉపగ్రహం పైకి వెళ్ళింది. బూట్ల డబ్బా అంత ఉంటుంది. వెళ్ళింది మొదలు మూగనోము పట్టింది. కాలేజీ చుట్టూ రేడియో రొద ఎక్కువ, వాళ్ళు దానికి ఆదేశం పంపగలరు గానీ దాని కూత వినలేరు.

"పిన్నీ, నీకు వినిపిస్తే దాన్ని ముట్టుకోం. లేదంటే ఇప్పుడే ఆపి మళ్ళీ స్టార్ట్ చెయ్యాలి. మన నెత్తిన దాటే ఈ చుట్టు తప్పితే బ్యాటరీ ఉంటుందో ఉండదో," అంది పిల్ల ఫోన్లో.

యాంటెనా ఎత్తగానే రేడియోలో టిక్, టిక్, టిక్.

"బతికే ఉందే!" అని అరిచింది మా ఆవిడ. అటుపక్క ఈలలు, కేకలు. పిల్ల ఫోన్ పెట్టేసింది.

అంతలోనే ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఉపగ్రహం దాటిపోతుంటే దాని కూత శ్రుతి తగ్గుతూ రావాలట. ఇది తగ్గడం లేదు. ఆవిడ యాంటెనాని మెల్లగా నేలవైపు తిప్పింది. చప్పుడు పెరిగింది. కింది వాటా వాళ్ళు కరెంటు స్కూటరుకి చార్జింగు పెట్టారు, ఆ టిక్ టిక్ ఆ చార్జరుది.

"కొంప మునిగిందండీ!"

ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. పిల్ల శుభవార్త ఊరందరికీ చెబుతోంది కాబోలు. పైన ఉపగ్రహం వాళ్ళ ఆకాశం దాటిపోతోంది. "నా నోరు పడిపోను, దాన్ని నేనే చంపేశాను," అంటోంది ఆవిడ.

చివరికి పిల్ల ఎత్తింది.

"అది మీది కాదే తల్లీ. కింద స్కూటరుది. వెంటనే ఆదేశం పంపండి."

అటుపక్క పరుగుల చప్పుడు.

మరో చుట్టు తిరిగొచ్చేదాకా ఆవిడ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నేను కిందికెళ్ళి, వాళ్ళు గొణుగుతున్నా, చార్జరు పీకేసి వచ్చాను. ఆవిడ మళ్ళీ యాంటెనా ఎత్తింది. చాలాసేపు బుస్సుమని గాలి హోరు తప్ప ఏమీ లేదు. తర్వాత, ఆ హోరు అడుగున, సన్నగా ఏదో. ఆవిడ చేతులు వణికితే అదీ తెగిపోయింది. నేను మోచెయ్యి పట్టుకున్నాను.

"చెప్పవే పిల్లకి!"

"నేను చెప్పనండీ. భయమేస్తోంది." పిల్లకి ఫోన్ కలిపి, దాన్ని రేడియోకి ఆనించి పెట్టింది. "నా చెవుల్ని నమ్మకు. నువ్వే విను."



"పిన్నీ... శ్రుతి తగ్గుతోంది. అది మాదే. కొనఊపిరితో ఉంది గానీ, ఉంది."

"ఒట్టు?" అంది మా ఆవిడ. "ఇంకోసారి విని చెప్పవే."