అక్క రాసుకున్న నాలుగు వాక్యాలు

అక్క పోయిందన్న కబురు కాలేజీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పది రోజుల జ్వరం. చివరి మూడు రోజులూ విశాఖలో ఆసుపత్రి. కబురు కింద వరసగా దండాలు పెట్టే చేతుల బొమ్మలు. మొదటి దండం మా కాలేజీ సారుది. అది చూడగానే నాకు ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను. చల్లారేదాకా ఆగితే సారును క్షమించేస్తానేమోనని నా భయం.

మీకు అక్క తెలియదు కాబట్టి చెబుతాను. శ్రీకాకుళంలో మా ప్రైవేటు డిగ్రీ కాలేజీలోనే చదివి, అక్కడే స్టూడెంట్ మెంటరుగా చేరింది. వెనకబడ్డ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని దారిలో పెట్టడం ఆమె పని. వయసు ఇరవై మూడు. సముద్రం ఒడ్డున, వేటకు వెళ్ళే ఇంట్లో పుట్టింది. నాకు రక్తసంబంధం ఏమీ లేదు. అందరం అక్కా అనేవాళ్ళం.

మాది సాలూరు. మా నాన్న లారీ డ్రైవరు. మొదటి ఏడాది స్టాటిస్టిక్స్ పోయినప్పుడు, చదువు మానేస్తున్నానని చెప్పి సంతకం పెట్టించుకోవడానికి మెట్ల కింద ఆమె గదికి వెళ్ళాను. టేబుల్ మీద చిరిగిన వల పరుచుకుని, నైలాన్ దారం చుట్టిన వెదురుపుల్లతో బాగుచేస్తోంది. ఖాళీ దొరికితే అదే పని.

"ఏటైనాదే?" అంది తలెత్తకుండా.

"ఫెయిలైపోనానక్కా. ఇంటికెల్లిపోతాను."

"ఎల్దువు గాని, కూకో. ఎక్కడ సిరిగిందో ముందు నాకు సూపించు."

వెనక్కి వెనక్కి వెతికించింది. ఇంటర్ కాదు, పదో తరగతీ కాదు. నాన్న లారీ బోల్తాపడి మంచంలో ఉన్న ఏడాది, నేను బడి మానేసిన ఆరో తరగతి భిన్నాల దగ్గర తేలింది. మర్నాడు ఆరో తరగతి లెక్కల పుస్తకం తెచ్చి నా ముందు పడేసింది. నాకు సిగ్గుతో ముఖం ఎర్రబడింది.

"సిరుగు మీద కొత్త దారం ముడెయ్యకూడదే. తెగిన పోగులన్నీ ముందు కత్తిరించేయాల. బొక్క పెద్దదవుతాది. బయపడకు. అప్పుడే ముడి నిలబడతాది" అంది.

నేను పాసవడం వెనక ఉన్నది ఈ ఒక్క మాటే. బాగా చదువు అని ఎప్పుడూ అనేది కాదు. "రేపు మళ్ళీ రా" అనేది, అంతే. మధ్యాహ్నం డబ్బాలో అన్నం, వేయించిన ఎండు నెత్తళ్ళ చేపలు తెచ్చుకునేది. స్టాఫ్ రూములో ముక్కులు మూసుకుంటున్నారని మెట్ల కిందే తినేది, నాకూ పెట్టేది. సాయంత్రం చున్నీ నడుముకు బిగించి వాలీబాల్ ఆడేది. ఆమె సర్వీసు నేనైతే ఒక్కసారీ తియ్యలేకపోయాను.

ఇక సారు సంగతి. మెంటర్ల వ్యవహారమంతా ఆయన చేతిలో ఉంటుంది. నోటీసుబోర్డులో పెట్టడానికి మెంటర్లందరినీ తమ నేపథ్యం, అభిరుచులు ఒక ఫారంలో రాసిమ్మన్నారు. అక్క రాసింది ఇది:

"మా అయ్య సముద్రం మీద వేటకు వెళ్తాడు. మా అమ్మ చేపల బుట్ట ఎత్తుకుని ఆమదాలవలస దాకా తిరిగి అమ్ముతుంది. నాకు వలలు బాగుచెయ్యడం, వాలీబాల్ ఇష్టం. డిగ్రీలో రెండుసార్లు ఫెయిలయ్యాను కాబట్టి ఎలా పాసవ్వాలో నాకు తెలుసు."

సారు దాన్ని ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాడు. బోర్డు మీదకు వచ్చింది వేరు: "వ్యాపార కుటుంబ నేపథ్యం. అభిరుచులు: పుస్తక పఠనం, సంగీతం." అక్క అడిగితే, "పేరెంట్స్ చదువుతారమ్మా, కాలేజీకి ఒక స్థాయి ఉంటుంది కదా" అన్నాడట. ఈ స్థాయి ఉన్న మనిషే ఫోన్లో వాళ్ళమ్మతో "ఏటే అమ్మా, తిన్నావేటి?" అంటుంటే మేమందరం విన్నాం.

ఆ రోజు అక్క ఆ కాగితం నా చేతికిచ్చింది. "దాసి ఉంచు. నన్ను తిట్టినా పడుందును. మా అయ్యని తుడిసేసినాడు" అంది. మూడో ఏడాదికి వచ్చినా ఆ కాగితం నా పుస్తకంలోనే ఉంది.

సంతాప సభ రోజు పొద్దున్నే సారు నన్ను పిలిచి, డిగ్రీ అవగానే అక్క స్థానంలో నన్ను తీసుకుంటామన్నాడు. అదే ఫారం చేతిలో పెట్టి, "రాసివ్వు, నేను సరిచేస్తాను" అన్నాడు. ఆ ఉద్యోగం మా ఇంటికి ఎంత అవసరమో నాకు తెలుసు. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను.

వేదిక మీద అక్క ఫొటోతో ఫ్లెక్సీ. ఫొటో కింద బోర్డు మీది మాటలే, పెద్ద అక్షరాల్లో. అక్క వాళ్ళ అయ్య వేట మానుకుని వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. కాలేజీవాళ్ళు ఇచ్చిన అక్క సంచి ఒళ్ళో ఉంది.

"నాకు సదువు రాదు తల్లీ. మా పిల్ల గురించి ఏటి రాసినారు?" అని అడిగాడు.

చదివి వినిపించాను. "మాదేటి యాపారం? మా పిల్ల పాటలెప్పుడు పాడినాది? ఇది వేరే పిల్లేమో, సూడమ్మా" అన్నాడు.

అప్పుడే సారు మైకులో, ఆమె మా కుటుంబ సభ్యురాలు అంటూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను లేచి వెళ్ళి మైకు తీసుకున్నాను. పుస్తకంలోంచి కాగితం తీసి నాలుగు వాక్యాలూ చదివాను. ఎర్రగీత ఎవరిదో పేరు పెట్టి చెప్పాను. నా ఫారం నాలుగు ముక్కలు చేసి ఆయన ముందు పెట్టాను. తర్వాత అక్క వాళ్ళ అయ్యను పిలిచి, మొలలో ఉన్న వల కత్తి అడిగాను. ఫొటో కింద ఆ అక్షరాలున్న మేర సుబ్బరంగా కోసి కింద పడేశాను.

"ఏటిది! ఏటి సేస్తన్నావు!" అని అరిచాడు సారు, తన స్థాయి మరిచి. వెనకనుంచి పిల్లలు నవ్వారు. ఆయన ముఖం మాడిపోవడం తనివితీరా చూశాను. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు.

అక్క వాళ్ళ అయ్య మాత్రం ఎవరి వంకా చూడలేదు. కోసిన చోటును వేలితో తడిమాడు. సంచిలోంచి అక్క వెదురుపుల్ల తీశాడు. ఆమె చుట్టిన దారం దానికింకా ఉంది. కత్తి మొనతో అంచుల్లో చిల్లులు పొడుచుకుంటూ, ఒక్కొక్క ముడే వేస్తూ ఆ ఖాళీకి వల అల్లడం మొదలుపెట్టాడు. మేమందరం నిలబడే ఉన్నాం. దారం అయిపోయేదాకా ఆయన లేవలేదు.