వదిన విప్పిన పెళ్లి పరుపు

మొన్న మా కోడలు కొత్త పరుపు తెప్పించింది. జానెడు మందం, ఒక మూల పట్టుకుని లేపబోతే కదలనైనా కదలలేదు. దీన్ని ఎండకెలా వేస్తామని అడిగితే, అసలు వేయనక్కరలేదన్నారట తెచ్చినవాళ్లు. ఆ మాటతో నా మనసు, మగ్గాల పనికి మేం వలసపోయిన పరాయి రాష్ట్రపు నగరంలో, కోసాడ్ కాలనీలోని మా అన్న ఇంటికి, కరోనా మొదటి వేసవికి పోయింది.

మరమగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయి, అదే నగరంలో పర్వత్ పాటియా అనే పేటలో పదిమందిమి కలిసి ఉండే గది ఖాళీ అయి, ఊరికి రైళ్లు లేక నేను అన్న ఇల్లు చేరాను. వదిన తన పెళ్లినాటి దూది పరుపు నాకిచ్చి, వాళ్లు చాపల మీద పడుకున్నారు. వారం తిరక్కముందే నాకు తెల్లవారుతూనే వరుస తుమ్ములు, ఆపైన పిల్లికూతల దగ్గు మొదలయ్యాయి. ఆ రోజుల్లో దగ్గంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? పై అంతస్తులో ఉండే, మన ఊళ్ల దిక్కు నుంచే వచ్చిన పెద్దమనిషి మెట్ల మీదే ఆగి అన్నను పిలిచి, "మీ తమ్మునికి గదే అంటుకున్నట్టుంది, ఎటన్న పంపియ్యిరాదే" అన్నాడు. అన్నకంటే ముందే వదిన నిమ్మళంగా, "ఏడికి పంపాలె అన్నా? బండ్లే నడుస్తలేవు. జర పరీక్ష గానియ్యి" అంది.

ఫలితం వచ్చేదాకా మూడు రోజులు నన్ను మిద్దె మీద చాపేసి ఉంచారు. కరోనా లేదని తేలింది. అయితే కిందికి దిగి పరుపెక్కిన మర్నాడే దగ్గు మళ్లీ పట్టుకుంది. మిద్దె మీద ఒక్కనాడూ దగ్గలేదన్న సంగతి నాకే తట్టలేదు, వదిన కనిపెట్టింది. "రోగం నీ తాన లేదు మరిదీ, పరుపుల ఉన్నది" అంది. ఫోనులో దొరికిన డాక్టరు కూడా అదే చెప్పాడు: పాత పరుపుల్లో కంటికి కనబడని పురుగులుంటాయని, మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయని, వాటి రెట్ట కలిసిన దుమ్ము కొందరికి పడదని.

వదిన ఆ పరుపు అంచును ఒకసారి తడిమింది, నేను చూశాను. తర్వాత కుట్లు విప్పి దూదంతా పారేసింది. తలకింది మెత్తలకు సందు లేకుండా కోరా గుడ్డ తొడుగులు కుట్టింది. వారం వారం దుప్పట్లను మసిలే నీళ్లలో ఉతికేది, బొంతలను నన్ను దగ్గరికి రానీయకుండా మిద్దె మీద దులిపి ఎండబెట్టేది. నెల తిరిగేసరికి నాకు ఊపిరి తేటపడింది. పై అంతస్తు పెద్దమనిషి భార్య, తమ పిల్లకు కూడా పొద్దున్నే తుమ్ములని మొహమాటపడుతూ వచ్చి అడిగితే, వదిన ఒక్క ఎత్తిపొడుపు మాట లేకుండా తొడుగులు ఎలా కుట్టాలో కూర్చోబెట్టి నేర్పింది. వేసవి చివరికి నాలుగిళ్ల పక్కబట్టలు మిద్దెకెక్కాయి. వదిన తడి దుప్పట్ల గంప పైకి మోసినవాడు ఆ పెద్దమనిషే.

మనిషిని చూసి మనిషి భయపడ్డ కాలమంటారు దాన్ని, నిజమే. కానీ నా దగ్గు ఏ వేళకు వస్తుందో, ఏ వేళకు ఆగుతుందో గమనించే మనిషి ఇంట్లో ఉన్నది కూడా ఆ కాలంలోనే. ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరి గది వారిది, ఎవరి తలుపు వారిది. పొద్దున్నే నేను తుమ్మితే నాకు తప్ప ఎవరికీ వినబడదు.