బాణం గుర్తు కింద జక్రయ్య

జక్రయ్యను మూడు చక్రాల బండిలోంచి ఎత్తి, మురిక్కాలవ మీద పరిచిన నాపరాయి బండపై కూర్చోబెట్టి, కానిస్టేబుల్ సంజీవరావు ఆ బండిని స్టేషనుకు తోసుకుపోయాడు. చీరాలలో, నేతవీధి మలుపులో, పట్టపగలు, అందరూ చూస్తుండగా జరిగిన పని ఇది. సంజీవరావు మొరటుగా ఏమీ ఎత్తలేదు. చంకల కింద చేతులు పెట్టి, లారీలోంచి మిరప బస్తా దించినంత జాగ్రత్తగా దించాడు. జక్రయ్యకు అదే ఎక్కువ మండింది.

"ఏం సంజీవరావూ, మొన్న ఆదివారం చర్చిలో నా పక్కన నిలబడి పాట పాడావు. నేనెవరో తెలీదా నీకు?"

"తెలుసన్నా. ఎస్సైగారు ఆ 'నిలుపరాదు' బోర్డు చూపించి బండి తెమ్మన్నారు. నేనేం చేసేది?"

"బండి తెమ్మన్నాడు, బాగుంది. మరి నన్నేం చెయ్యమన్నాడు?"

పైవాడు చెప్పని సంగతికి కిందివాడి దగ్గర జవాబు ఉండదు. సంజీవరావు టోపీ సర్దుకుని బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా జక్రయ్య ఆ బండ మీదే ఉన్నాడు. సైకిళ్ళవాళ్ళు బెల్లు కొట్టి పక్కకు తిప్పుకున్నారు. ఊరికి కొత్తదేమో, ఒకావిడ జాలిగా చూసి అతని ముందు చిల్లర నాణెం వేసి పోయింది. జక్రయ్య ఆ నాణెం తీసి కాలవలోకి విసిరాడు. చివరికి నేతవీధి కుర్రాడు మాలకొండయ్య రిక్షా పిలుచుకొచ్చి, నవ్వుతూ, "రారా జక్రీ, పెళ్ళికొడుకులా ఊరేగుదువుగాని," అని ఎక్కించాడు.

స్టేషన్లో ఎస్సై కుర్చీలోంచి తల కూడా ఎత్తలేదు.

"బోర్డు చూళ్ళేదా? కాళ్ళతోపాటు కళ్ళూ పోయినయ్యా?"

"చూశానండి. బాణం గుర్తు పొగాకు కంపెనీ గేటు వైపు ఉందండి."

"లేదు, నీ వైపే ఉంది. నేను స్వయంగా చూసొచ్చా."

"అయినా ఆ బోర్డు కార్లకండి. ఇవి నా కాళ్ళండి."

"చక్రాలున్నయ్యా లేవా?"

"ఉన్నయ్యండి."

"అయితే వాహనమే. జరిమానా కట్టి తీసుకుపో."

జక్రయ్య కాళ్ళు పసితనంలోనే పోలియోకు చచ్చుబడ్డాయి. తల్లి ఎలీసమ్మ మిరపకోతలకు పోతూ అతన్ని చంకనేసుకు తీసుకుపోయి, చేనిగట్టు మీద గోనెపట్టా పరిచి పడుకోబెట్టేది. పెరిగేకొద్దీ చంకకు బరువయ్యాడు. ఆ తర్వాత చేతులకు చెప్పులు తొడుక్కుని రైలుగేటు అవతలి తమ పేటంతా దేకాడు. చేత్తో పెడలు తిప్పి నడిపే మూడు చక్రాల బండి ఒంగోలులో జరిగిన సభలో వచ్చింది. దండలు, ఉపన్యాసాలు అయ్యాక మంత్రిగారు బండి హ్యాండిలు పట్టుకుని ఫొటో దిగారు. ఆ ఫొటోలో జక్రయ్య మోకాళ్ళ వరకే పడ్డాడు. మనవాళ్ళ దానాలన్నీ ఇలాగే ఉంటాయి. ఇచ్చే చెయ్యి స్పష్టంగా పడుతుంది, పుచ్చుకునేవాడి మొహం పడదు.

ఫొటో ఎలా ఉన్నా బండి మాత్రం నిజం. జక్రయ్య దాన్నే దుకాణం చేసుకున్నాడు. సీటు కింద రేకుపెట్టె బిగించి, అందులో పంపు స్టవ్వుల బర్నర్లు, పిన్నులు, తోలు వాషర్లు పెట్టుకున్నాడు. నేతవీధిలో ఇంటింటా కిరసనాయిలు స్టవ్వే. మూసుకుపోయిన స్టవ్వు అతని చేతిలో పడితే, తెచ్చినవాళ్ళు రెండు కబుర్లు చెప్పేలోపు బుస్సుమని నీలంగా మండేది. బండికి బ్రేకు నామమాత్రం. వీధి అంతా వాలు. ఆ మలుపులో, కాలవ మీద పరిచిన బండల దగ్గర మాత్రమే నేల చదునుగా ఉంటుంది. రెండు చేతులూ స్టవ్వు మీద పెట్టాలంటే బండి తనంతట తాను నిలబడాలి. అందుకే ఏళ్ళ తరబడి అతని చోటు అదే.

ఆ మలుపులోనే, వీధికి అవతలి పక్కన, పొగాకు కంపెనీ ఆఫీసు ఒకటి తెరిచారు. వాళ్ళ గేటుకు ఏదీ అడ్డం ఉండకూడదని మునిసిపాలిటీ వాళ్ళు ఇనుపగొట్టం పాతి, దానికి రేకు బోర్డు తగిలించారు. 'వాహనములు నిలుపరాదు' అని రాసి, కింద ఒక బాణం గుర్తు. బాణం ఎటు చూపిస్తే అటు నిలపకూడదన్నమాట. పాతిన రోజు అది కంపెనీ గేటునే చూపించింది. జక్రయ్య ముందే పాతారు, అతను చూస్తూనే ఉన్నాడు. తర్వాత ఎప్పుడో, ఎవరూ గమనించకుండా, అది మెల్లగా మొహం తిప్పుకుని అతని బండినే చూపించడం మొదలుపెట్టింది. కంపెనీ కార్లు గేటు ముందు హాయిగా నిలిచాయి. వాటి డ్రైవర్లు బోర్డు గొట్టానికి ఆనుకుని బీడీలు కాల్చారు.

జరిమానా కట్టి బండి తెచ్చుకున్నాక జక్రయ్య మాలకొండయ్యను బతిమాలి బోర్డును సరిగ్గా తిప్పించాడు. కొన్నాళ్ళకు అది మళ్ళీ అతని వైపు తిరిగింది. మళ్ళీ సంజీవరావు వచ్చాడు. మళ్ళీ బండ, మళ్ళీ ఎండ. ఈసారి ఎస్సై తల ఎత్తి మరీ చెప్పాడు.

"బోర్డు తిప్పుతున్నావంటగా? గవర్నమెంటు బోర్డు ముట్టుకుంటే అది వేరే కేసు. ఇంకోసారి నీ బండి అక్కడ కనపడిందో, కలెక్టరాఫీసుకు రాసి వెనక్కి పంపించేస్తా. గవర్నమెంటు ఇచ్చిన బండి, గవర్నమెంటే తీసుకుంటది."

అతను బెదిరించడానికే అన్నాడో, నిజంగానే అన్నాడో జక్రయ్యకు తెలియదు. కానీ చేతి చెప్పులు ఇంట్లో ఇంకా ఏ మూల ఉన్నాయో తెలుసు. బండి పోతే మళ్ళీ అవే. ముప్పై దాటిన మనిషి, పేట పిల్లల మోకాళ్ళ ఎత్తులో, దుమ్ములో.

ఒకరోజు నేతవీధిలో ఎవరింట్లోనో స్టవ్వు వెలగడం లేదని కబురొస్తే తెల్లారగట్లే వచ్చాడు. అప్పుడు కనిపించింది అసలు సంగతి. ఎండెక్కకముందే నేతగాళ్ళు మగ్గానికెక్కించే పడుగును వీధి పొడవునా లాగి కట్టి, గంజి పట్టిన దారాలను పెద్ద కుంచెలతో దువ్వుతారు. తాతల నాటి నుంచీ పడుగు చివర కట్టడానికి ఆ మలుపులో ఒక రాతిగుంజ ఉండేది. కాలవ తవ్వినప్పుడు దాన్ని పీకేశాక కర్రగుంజలతో నెట్టుకొచ్చారు. నేతగాళ్ళు మాత్రం ఏం చేస్తారు? పక్కనే గట్టిగా కనిపించిన ఇనుపగొట్టానికి మోకు చుట్టారు. పడుగును బిర్రుగా లాగినప్పుడల్లా, వదులైన సిమెంటులో గొట్టం కొద్దికొద్దిగా తిరుగుతోంది. మోకు విప్పేసి ఇళ్ళల్లోకి పోతున్నారు. బోర్డు అలాగే ఉండిపోతోంది. ఎస్సై వచ్చేసరికి వీధిలో పడుగూ లేదు, మోకూ లేదు. ఉన్నది జక్రయ్య ఒక్కడే.

అతను నేరుగా సీతారామాంజనేయులు ఇంటి ముందుకు బండి పోనిచ్చాడు. ఆ వీధికి పెద్ద ఆయన. ఎవరి పడుగు ఏ రోజు వెయ్యాలో ఆయనే చెబుతాడు.

"పెద్దయ్యగారూ, మీ మోకు లాగుడుకే బోర్డు తిరుగుతోంది. ఎస్సైతో ఒక్క మాట చెప్పండి."

సీతారామాంజనేయులు అరుగు మీద నుంచి దిగలేదు.

"చెబితే ఏమవుద్దో తెలుసా జక్రయ్యా? వీధికి అడ్డం పడుగులేంటని మునిసిపాలిటీ వాళ్ళు ఇప్పటికే మా మీద పళ్ళు నూరుతున్నారు. సర్కారు గొట్టానికి మోకు కట్టామని మా నోటితో మేమే ఒప్పుకోమంటావా?"

"చెప్పకపోతే నా బండి పోద్దండి."

"ఇంకో చోట కూర్చోరాదూ?"

"మీరు ఇంకో చోట పడుగు కట్టుకోరాదూ?"

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అని ఆయన కోడలు మల్లేశ్వరి లోపలి నుంచి కేకేసింది. "మా స్టవ్వులు చేసుకు బతికేవాడు మాకు చోటు చూపిస్తాడంట!"

జక్రయ్య బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఒక బీదవాడి గోడు ఇంకో బీదవాడికి అర్థమవుతుందని పుస్తకాల్లో రాస్తారు. రాసినవాడు నేతవీధి మలుపులో ఒక్కపూట కూర్చుని ఉంటే రాసేవాడు కాదు.

మరుసటి వారం పడుగు రోజున తెల్లారేసరికి జక్రయ్య బండి ముందుచక్రం ఆ ఇనుపగొట్టానికి గొలుసుతో కట్టి, తాళం వేసి ఉంది. తాళంచెవి అతని చొక్కా లోపల ఉంది. గంజిలో ముంచిన పడుగును భుజాల మీద మోసుకొచ్చిన నేతగాళ్ళు ఆగిపోయారు.

"ఒరేయ్ జక్రీ, బండి తియ్యరా," అన్నాడు మాలకొండయ్య.

"తియ్యను."

"గంజి ఆరిపోతందిరా! దారాలు అంటుకుపోతే పడుగంతా తగలెయ్యాల్సిందే."

"నా బండి పోయినా అంతే."

"ఏరా, రిక్షాలో ఎక్కించిన విశ్వాసం లేదా నీకు?"

"ఎక్కించావు. ఎందుకు ఎక్కించాల్సొచ్చిందో నీకు ముందే తెలుసు గదరా. పొద్దున్నే మోకు కట్టిన చెయ్యి అది. నేను బతిమాలితే బోర్డు తిప్పావు. మళ్ళీ పడుగు రోజు దానికే మోకు కట్టావు."

మాలకొండయ్య చెయ్యి ఎత్తాడు. కూర్చున్నవాణ్ణి కొడితే వీధి ఏమనుకుంటుందో అని మళ్ళీ దించాడు. మల్లేశ్వరి గంజి చేతులతోనే ముందుకొచ్చింది.

"కాళ్ళు తీసిన దేవుడు ఆ నోరు కూడా తీసుంటే పీడ పోయేది!"

"నేనూ అదే అడుగుతున్నానమ్మా ఆయన్ని, ఈ నోరెందుకు ఉంచావని," అన్నాడు జక్రయ్య. "ఇదిగో, ఇందుకంట."

ఎవరో నవ్వబోయి మానేశారు. ఎండ కాలవ గట్టు మీదికి పాకింది. పడుగు అంచున గంజి తెల్లగా బిగుసుకోవడం మొదలైంది. సీతారామాంజనేయులు ఆ దారాలను రెండు వేళ్ళతో పట్టి చూశాడు. ఇంకెవరితోనూ మాట్లాడకుండా కండువా భుజాన వేసుకుని స్టేషను వైపు నడిచాడు.

ఎస్సై మోటారు సైకిలు మీద వచ్చాడు, వెనక సంజీవరావు. ఎస్సై బోర్డు గొట్టాన్ని ఒంటిచేత్తో పట్టి తిప్పితే అది ఇంటి తలుపులా తిరిగింది.

"మా మోకు లాగుడుకేనండి," అన్నాడు సీతారామాంజనేయులు, నేల చూస్తూ. "అతని తప్పేం లేదండి."

"ఇన్నాళ్ళూ మీ అందరికీ తెలుసా?"

జక్రయ్య చొక్కాలోంచి తాళంచెవి తీసి గొలుసు విప్పాడు.

"నా బండి జోలికి ఇక రారు గదండి?"

"రాంలే."

"కట్టిన జరిమానాలండి?"

"అవి గవర్నమెంటులో కలిసిపొయ్యినయ్. అక్కణ్ణుంచి తేవడం నా తరం కాదు," అని ఎస్సై నవ్వాడు. సంజీవరావు నవ్వలేదు, జక్రయ్య వంకా చూడలేదు.

ఆ పడుగు సగం పాడైంది. తర్వాత మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి పాత గొట్టం పీకి, కాంక్రీటు పోసి కొత్తది పాతారు. ఇక గందరగోళం ఉండకూడదని కొత్త బోర్డు మీద బాణాన్ని రెండు వైపులా గీశారు. ఇటూ నిలుపరాదు, అటూ నిలుపరాదు. కంపెనీ వాళ్ళు తమ కార్లకు లోపల షెడ్డు వేసుకున్నారు. వీధిలో పడుగులు కట్టకూడదని నేతగాళ్ళకు నోటీసు ఇచ్చారు. వాళ్ళు రైలుకట్ట పక్కన ముళ్ళపొదలు నరికి అక్కడికి మోసుకుపోవాల్సి వచ్చింది. జక్రయ్యకు బండి మిగిలింది, చోటు పోయింది. మా నోటికాడి కూడు కొట్టింది కుంటోడే అని వీధి వీధంతా అనుకుంది. స్టవ్వులు పాడైతే వేరేవాడి దగ్గరికి పంపించారు. వాడు చేసినవి వారానికే పొగ కక్కుతున్నా సరే, పౌరుషం కొద్దీ వాడి దగ్గరికే పంపించారు.

జక్రయ్య రైలుగేటు దగ్గర, గేటు పడినప్పుడు ఆగే జనం మధ్య, చక్రాల కింద రాళ్ళు పెట్టుకుని పని చేసుకున్నాడు. గేటు లేచినప్పుడల్లా దుమ్ము లేచి స్టవ్వుల్లో పడేది.

చాలా కాలానికి, పత్తి బళ్ళు వరసగా వస్తున్న రోజుల్లో, సీతారామాంజనేయులు ఒక స్టవ్వు చేత్తో పట్టుకుని అక్కడికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. స్టవ్వు బండి మీద పెట్టాడు.

"జక్రయ్యా, ఆ రోజు నువ్వు చేసింది తప్పనను. ఒప్పనీ అనను. ఈ దుమ్ములో ఎందుకు నీకు? మా ఇంటి అరుగు మీద కూర్చుని పని చేసుకో. బోర్డు గొడవ అరుగు మీదికి రాదు. మునుపటిలా అందరూ నీ దగ్గరికే వస్తారు. నేను చెబుతా."

జక్రయ్య స్టవ్వు తలకిందులు చేసి, బర్నరు విప్పి, పిన్నుతో మసి తోడాడు. వాషరు మార్చి, పంపు కొట్టి, అగ్గిపుల్ల గీశాడు. నీలంగా మండాక ఆర్పి, చల్లారేదాకా ఆగి, ఆయన చేతికిచ్చాడు.

"స్టవ్వు తెండి పెద్దయ్యగారూ, ఎన్నిసార్లయినా చేస్తా. మీ అరుగు మాత్రం నాకొద్దు. అది ఎక్కాలంటే రోజూ ఎవడో ఒకడు నన్ను ఎత్తాలి."